విపత్తుల అనంతరము గృహస్వాములకు ఉచిత న్యాయసహాయము

తుపాను, వరద, భూకంపము, కార్చిచ్చు వంటి ప్రకృతి వైపరీత్యములకు లోనై నివాసగృహమును కోల్పోయినవారికిని, దెబ్బతిన్న యింటిని మరల నిలువబెట్టుకొన యత్నించువారికిని, న్యాయవాదులు రుసుము గైకొనకయో, ప్రభుత్వనిధులనుండి గాని ధర్మనిధులనుండి గాని లభించు వేతనముతోనో, చేయు సలహా, లేఖన, వాదన సేవలు ఈ శీర్షికక్రింద చేరును. అన్నము, ఔషధము, వస్త్రము, తాత్కాలికాశ్రయము సమకూర్చుటతో సహాయకార్యము ముగియునను భావన చిరకాలము లోకమున నిలిచియుండెను. గోడలు కూలిన యింటికి ఇటుకయు సిమెంటును తాపీమేస్త్రీయు కావలెను గాని వకీలుతో నేమి పని యని తోచుట సహజమే. కాని గడచిన అర్ధశతాబ్దపు అనుభవమును పరిశీలించినచో, ఉప్పెన యింటిని కూల్చుటతో తృప్తినొందక, ఆ యిల్లు ఎవరిదో తెలుపు సాక్ష్యమును గూడ తుడిచివేయుననియు, పునర్నిర్మాణమునకు వలయు ధనము సర్కారునుండి వచ్చినను, బీమా సంస్థనుండి వచ్చినను, బ్యాంకునుండి వచ్చినను, ఆ సాక్ష్యమును చూపగలిగినవారి చేతికే అందుననియు స్పష్టమగును. ఈ సాక్ష్యమును పునర్నిర్మించుటయే ఈ సహాయమునకు ప్రధానవృత్తి. తక్కినవన్నియు దానికి శాఖలు.

మన యిండ్లలో ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీరల మడతలక్రింద, దాచియుంచు కాగితముల కట్టను తలచుకొన్నచో ఈ సంగతి సుబోధమగును. క్రయదస్తావేజు, దానికి మునుపటి లింకు దస్తావేజులు, ఇంటిపన్ను రశీదులు, ఇంటిస్థలపు పట్టా, బీమాపత్రము, బ్యాంకు పాసుపుస్తకము, తండ్రిగారి మరణ ధ్రువపత్రము ఒకేచోట నుండుట నిత్యజీవితమున ఎంత సౌకర్యమో, నీరు ఆ గదిలో ప్రవేశించిన దినమున అంత అనర్థము. రెండు దినములు నీట నానిన కట్ట విడదీయరాని ముద్దయై పోవును. అయినను, పోయిన కాగితమునకు ఎక్కడనో నకలు దొరకును. ఎన్నడును పుట్టని కాగితమునకు నకలు ఎక్కడిది? తాతగారి పేరనే నిలిచిపోయిన యిల్లు, పెద్దమనుషుల సమక్షమున నోటిమాటగా జరిగిన అన్నదమ్ముల పంపకము, తెల్లకాగితముపై వ్రాసికొన్న సాదా బైనామా, పెండ్లినాడు ఆడపడుచునకు పసుపుకుంకుమలక్రింద ఇచ్చితిమని చెప్పుకొను వాటా—ఇవి సాధారణకాలమున ఎవరిని బాధింపవు. ఆ వీధివారందరకును ఆ యిల్లు ఎవరిదో తెలియును. వీధిని ఎరుగని అధికారి వచ్చి, పుస్తకము తెరచి, ఇంటియజమాని పేరేమి, ఆధారమేదని అడిగిన దినముననే ఆ లోపము పైకి తేలును.

విపత్తు వెంబడి తలయెత్తు న్యాయసమస్యలకు ఒక క్రమము కలదు. తొలి వారములలో గుర్తింపు పత్రములు, నకళ్లు, మృతుల ధ్రువపత్రములు కావలసివచ్చును. గల్లంతైన మనిషి పేర ఇల్లున్నచో చిక్కు మరింత దారుణము; ఏడేండ్లు ఆచూకీ లేనిదే మరణించినట్లు భావింపరాదని మునుపటి భారత సాక్ష్యచట్టమును, 2024లో దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును నిర్దేశించుచుండగా, ఆ యింటి సాయము ఎవరి పేర మంజూరు కావలెను? 2013లో ఉత్తరాఖండ వరదలలో గల్లంతైనవారి విషయమున ప్రభుత్వము ప్రత్యేక విధానము నేర్పరచి త్వరితముగా మరణ ధ్రువపత్రములు ఇప్పించుట ఈ కారణముననే జరిగినది. కొన్ని వారములు గడచిన పిమ్మట నష్టపు లెక్కింపు, జాబితాలో పేరు లేకపోవుట, అప్పీళ్లు, బీమా తగవులు వచ్చును. అటుపై మరమ్మతు గుత్తేదారు బయానా తీసికొని మాయమగుట, పని సగములో విడుచుట. రెండవ యేట, మూడవ యేట, అప్పువాయిదాల ఒత్తిడియు, హక్కు దావాలును, ఒకప్పుడు ఇచ్చిన సాయమునే పొరపాటున ఇచ్చితిమి తిరిగి చెల్లింపుడను ప్రభుత్వపు తాఖీదులును చేరును. న్యాయవాదుల ఉత్సాహమో, పత్రికలలో వార్త సజీవముగా నున్న మొదటి మాసమున పరాకాష్ఠ నందుకొని, కఠినమైన వ్యాజ్యములు పుట్టు రెండవ యేటికి చల్లబడును. ఈ వ్యవస్థకు గల లోపములన్నిటిలో ఇదియే పెద్దదని ఈ రచయిత యభిప్రాయము.

అమెరికా సంయుక్తరాష్ట్రములు

ఈ సేవకు శాసనరూపము తొలుదొలుత సుస్పష్టముగా ఏర్పడిన దేశములలో అమెరికా ముఖ్యము. 1974 నాటి విపత్తు సహాయ చట్టమును 1988లో సవరింపగా స్టాఫర్డు చట్టమను పేర ప్రసిద్ధికెక్కిన శాసనమందలి 415వ నిబంధన, మహావిపత్తు కారణమున అల్పాదాయ వర్గములవారు తమకు చాలిన న్యాయసేవను పొందలేకున్నారని అధ్యక్షుడు నిర్ధారించినప్పుడు, న్యాయవాద సంఘముల తోడ్పాటుతో ఆ సేవను వారికి సమకూర్పవలెనని విధించుచున్నది. ఆచరణలో ఈ భారమును ఫెమా యని వ్యవహరింపబడు సమాఖ్య అత్యవసర నిర్వహణ సంస్థయు, అమెరికన్ బార్ అసోసియేషనులోని యువన్యాయవాదుల విభాగమును కలసి వహించుచున్నవి. విపత్తు ప్రకటింపబడిన రాష్ట్రమున రుసుములేని టెలిఫోను సంఖ్య నొకదానిని ప్రకటింతురు. పిలిచినవారి గోడు విని, ఆ రాష్ట్రపు చట్టమెరిగిన స్వచ్ఛంద న్యాయవాదికి అప్పగింతురు. బీమా కోరికపత్రముల తయారీ, పోయిన వీలునామాల పునర్లేఖనము, మరమ్మతు ఒప్పందముల పరిశీలన, ఫెమా తిరస్కరించిన దరఖాస్తుపై 60 దినములలో చేసికొనదగిన అప్పీలు—ఇట్టివి ఈ సేవలోనికి వచ్చును. గెలిచిన సొమ్ములో వాటా పుచ్చుకొని వాదించు వకీలు సులభముగా దొరకు దావాలను మాత్రము ఈ పద్ధతిలో చేపట్టక, అట్టివారియొద్దకు పంపివేయుదురు.

దీనికి ప్రక్కగా, 1974లోనే శాసనముచే స్థాపితమైన లీగల్ సర్వీసెస్ కార్పొరేషను దేశమంతట స్థానిక న్యాయసహాయ సంస్థలకు నిధులిచ్చుచున్నది. స్వచ్ఛంద న్యాయవాది ఒక సలహాతోనో ఒక లేఖతోనో తన పని ముగించుకొనవచ్చును గాని, ఈ సంస్థల వేతన న్యాయవాదులు సంవత్సరముల తరబడి ఒకే వ్యాజ్యమును మోయుదురు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టను నగరమును ముంచెత్తినప్పుడు, అచ్చటి లోన్ స్టార్ లీగల్ ఎయిడ్ సంస్థ కార్యాలయమే ప్రేలుడునకును అగ్నికిని ఆహుతియైనది. తమ కచేరీయే బూడిదకాగా, ఇతరుల కాగితములను వెదకిపెట్టుటకు ఆ న్యాయవాదులు శిబిరములకు తరలిరి.

అయితే, విపత్తునకును ఆస్తిహక్కునకును గల సంబంధమును లోకమునకు నేర్పిన ఘట్టము 2005 ఆగస్టు 29వ తేదీన లూసియానా తీరమును తాకిన కత్రినా తుపానే. కట్టలు తెగి న్యూ ఆర్లియన్సు నగరములో ఇంచుమించు 80 శాతము నీట మునిగెను. ఆ నగరమున లోయర్ నైన్త్ వార్డు అను పేట నల్లజాతివారి నివాసము. పేదవారే యైనను వారిలో సొంతయింటివారు మిక్కిలిగా నుండిరి. తాతలు కట్టిన యిండ్లలో మనుమలు కాపురముండిరి. తాత వీలునామా వ్రాయలేదు. తండ్రి కోర్టుకు పోలేదు. వారసత్వ విచారణకు వకీలు ఫీజు భరింపలేకయు, తరతరములుగా తమకు న్యాయము చేయని కోర్టులపై నమ్మకము లేకయు, ఆ కుటుంబములు హక్కును కాగితముపై మార్పించుకొనలేదు. ఇట్టి ఆస్తిని అచ్చట ‘వారసుల ఆస్తి’ యని పేర్కొందురు. మన ఉమ్మడి ఆస్తిని స్మరింపజేయు వ్యవస్థయే గాని, ఇది జన్మతః సంక్రమించు హక్కువలన గాక, వీలునామా లేని మరణములు వరుసగా జరుగుటచే ఏర్పడినది. ఒక తరము గడచునప్పటికి నలుగురు, రెండు తరములకు పదునార్గురు, మూడు తరములకు ఊరూర చెదరిన అరువదిమంది ఆ యింటికి అవిభక్త వాటాదారులగుదురు. ఇంటిలో నివసించుచు, పన్ను కట్టుచు, కప్పు బాగుచేయించుచుండు వ్యక్తి మాత్రము ఒక్కరే.

లూసియానా ప్రభుత్వము సమాఖ్య నిధులతో ‘రోడ్ హోమ్’ అను గృహపునర్నిర్మాణ పథకమును నెలకొల్పి, ఒక్కొక్క గృహస్వామికి గరిష్ఠముగా 1,50,000 డాలర్లు ఇచ్చుటకు పూనుకొనెను. మొత్తమున దాదాపు 1,30,000 మందికి సుమారు 900 కోట్ల డాలర్లు పంచిన ఈ పథకము అమెరికా చరిత్రలోనే అతిపెద్ద గృహసహాయ ప్రయత్నములలో నొకటి. కాని దాని ద్వారముకడనే హక్కుపత్రము చూపవలసి వచ్చినది. ఇంటిలో నలువది యేండ్లు కాపురమున్న వృద్ధురాలు పుస్తకముల ప్రకారము ఇంటి యజమానురాలు కాదు! నిష్కళంకమైన హక్కును చూపజాలక సహాయము పొందలేకపోయిన వారసుల ఆస్తిదారులు ఇరువదివేలవరకు నుందురనియు, ఈ కారణమున క్లెయిము కాకయే నిలిచిపోయిన ధనము 16 కోట్ల 50 లక్షల డాలర్లవరకు నుండుననియు తదనంతరము అంచనాలు వెలువడినవి.

ఇక్కడనే ఉచిత న్యాయవాది పని మొదలైనది. సౌత్‌ఈస్ట్ లూసియానా లీగల్ సర్వీసెస్ వంటి సంస్థలవారు ఒక్కొక్క కుటుంబమునకు వంశవృక్షము వ్రాసిరి. చర్చి పుస్తకములలోని వివాహ, మరణ వివరములను, శ్మశానపు రికార్డులను వెదకిరి. తుపానువెంట టెక్సాసు, జార్జియా, కాలిఫోర్నియాలకు చెదరిపోయిన దాయాదుల చిరునామాలు పట్టుకొని సంతకములు తెప్పించిరి. వారసత్వ ఉత్తర్వు సంపాదించి స్థానిక రిజిస్టరులో నమోదు చేయించిరి. ఇది పత్రికలకెక్కు వాదన కాదు, చప్పట్లు కొట్టించు విజయమును కాదు. ఒక్క యింటికై నెలలకొలది సాగు ఈ గుమాస్తాపనివంటి శ్రమ లేనిదే ఆ యింటికి ఒక్క డాలరు చేరదు. ఈ అనుభవఫలముగా, చిన్న ఆస్తుల వారసత్వమును కోర్టు విచారణ లేకయే ప్రమాణపత్రముతో తేల్చుకొను వెసులుబాటును ఇండ్లకు గూడ వర్తింపజేయుచు లూసియానా చట్టము సవరింపబడినది.

రోడ్ హోమ్ పథకమున మరియొక దోషము దాగియుండెను. తుపానునకు మునుపటి ఇంటి మార్కెటు విలువయు మరమ్మతు వ్యయమును లెక్కించి, రెండింటిలో ఏది తక్కువయో దాని ప్రకారము సాయము నిర్ణయించెడివారు. నల్లజాతివారి పేటలలో ఇండ్ల ధరలు వివక్షవలన తరతరములుగా అణగియుండుటచే, ఒకే పరిమాణము, ఒకే నష్టము గల రెండిండ్లలో తెల్లవారి పేటలోని యింటికి ఎక్కువయు, నల్లవారి పేటలోని యింటికి తక్కువయు లభించెను; గోడ లేపుటకగు ఖర్చు మాత్రము రెండుచోట్లను సమానమే. 2008లో న్యూ ఆర్లియన్సులోని గృహహక్కుల సంస్థయొకటియు, కొందరు గృహస్వాములును దావా వేయగా, నల్లజాతివారి న్యాయరక్షణ నిధివారు వారి పక్షమున నిలిచిరి. 2011లో కుదిరిన రాజీ ప్రకారము 6 కోట్ల 20 లక్షల డాలర్లు అదనముగా గృహస్వాములకు కేటాయింపబడినవి. ఒక్కొక్కరి అప్పీలు ఒక్కొక్కరికే మేలు చేయగా, సూత్రమునే సవాలు చేయు వ్యాజ్యము వీధికి వీధినే లేవదీయగలదనుటకు ఇది ప్రబల నిదర్శనము.

వారసుల ఆస్తికి మరియొక గండము కలదు. ఎక్కడనో నివసించు ఒక వాటాదారునియొద్ద స్థిరాస్తి వ్యాపారి యొకడు చిన్న వాటాను చౌకగా కొని, తాను సహయజమానినైతినని విభాగదావా వేసి, ఇల్లు విడదీయ వీలులేదు గనుక మొత్తమును వేలము వేయుడని కోరును; తుపాను తరువాత ఖాళీయైన పేటలలో ఇట్టి కొనుగోళ్లు విరివిగా జరుగును. దీనిని అరికట్టుటకై 2010లో ఏకరూప చట్టముల సంఘము ఒక నమూనా శాసనమును సిద్ధపరచినది. అందు ప్రకారము ఇంటికి న్యాయమైన వెల కట్టించి, వేలమునకు మునుపే తక్కిన వారసులకు ఆ వాటాను కొనుక్కొను అవకాశమీయవలెను. పెక్కు రాష్ట్రములు దీనిని స్వీకరించినవి.

బీమా తగవులలో ప్రసిద్ధమైనది గాలికిని నీటికిని నడుమ వచ్చు తగవు. సాధారణ గృహబీమా గాలివలని నష్టమును భరించును, వరదను మినహాయించును. వరదకు 1968లో ఏర్పడిన జాతీయ వరదబీమా పథకము వేరుగా నున్నది, దాని పరిమితి ఇంటికి 2,50,000 డాలర్లు. కత్రినా తరువాత మిసిసిపీ తీరమున పునాదిపలక తప్ప మరేమియు మిగులని యిండ్లు వేలకొలదిగా కానవచ్చినవి. ముందు గాలి కప్పును లేపినదా, ముందు కెరటము గోడను కొట్టినదా యని నిరూపింప గోడయు లేదు, కప్పును లేదు. వాతావరణ నివేదికలను, పొరుగువారి వాంగ్మూలములను, ఇంజనీరు అభిప్రాయమును కూర్చి ఈ ప్రశ్నకు సమాధానము వ్రాయుట న్యాయవాది సహాయము లేని గృహస్వామికి అసాధ్యము.

2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టో రికో ద్వీపమును ధ్వంసము చేసినప్పుడు ఇదే కథ పునరావృతమైనది. తండ్రి స్థలములో కొడుకు కట్టుకొన్న యిల్లు, రిజిస్ట్రేషను లేని కొనుగోలు అచ్చట సర్వసామాన్యము; హక్కు నిరూపింపలేదను కారణముతో వేలాది దరఖాస్తులు తిరస్కరింపబడినవి. వాస్తవమునకు ఫెమా నియమములు రిజిస్టరు దస్తావేజును తప్పనిసరి చేయలేదని అచ్చటి ఉచిత న్యాయసంస్థలు గుర్తించి, గృహస్వామి ప్రమాణపూర్వక ప్రకటననే ఆధారముగా గైకొనవలెనని పోరాడి, 2018లో అట్టి ప్రకటనపత్రమునకు అంగీకారము సంపాదించినవి. 2021 సెప్టెంబరులో ఫెమా దేశమంతటికిని తన పద్ధతిని సడలించి, వారసుల ఆస్తి విషయమున ఇతరాధారములు దొరకనప్పుడు గృహస్వామి స్వీయధ్రువీకరణమును గూడ అంగీకరించుటకు నిశ్చయించెను. న్యూ ఆర్లియన్సు వృద్ధురాలికి 2005లో దొరకని వీలు పదునారేండ్లకు ఫెమా నియమములలో చోటుచేసికొన్నది.

అమెరికాలో గృహములు కొనుక్కొన్న తెలుగువారు ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. హెచ్-1బి వీసాపై నున్నవారు పన్నులు కట్టుచు సొంతయింటిలో నున్నను ఫెమా ఇచ్చు నగదు సాయమునకు స్వయముగా అర్హులు కారు. కుటుంబమున ఆ దేశపౌరత్వము గల బిడ్డ యున్నచో, ఆ బిడ్డ పక్షమున తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చును. లీగల్ సర్వీసెస్ కార్పొరేషను నిధులు పొందు సంస్థలకు ఆదాయపరిమితియే గాక, వలసవచ్చినవారి పక్షమున వాదించుటపై కట్టుబాట్లును కలవు. కావున ఇట్టి కుటుంబములు న్యాయవాద సంఘముల స్వచ్ఛంద సేవలను, న్యాయకళాశాలల ఉచిత సహాయ కేంద్రములను ఆశ్రయింపవలసియుండును. హ్యూస్టను వంటి వరదపీడిత నగరముల పరిసరములలో మనవారు మిక్కిలిగా నివసించుచున్నందున ఇది స్వల్పవిషయము కాదు.

ఇతర దేశములు

న్యూజీలాండులో కాంటర్బరీ ప్రాంతమును 2010 సెప్టెంబరు 4న నొక భూకంపము, 2011 ఫిబ్రవరి 22న 185 మందిని బలిగొన్న మరియొక భూకంపము కుదిపినవి. అచ్చట ఆనాడు ప్రభుత్వ భూకంప సంఘము ఒక్కొక్క ఘటనకు ఇంటికి లక్ష డాలర్లవరకును, ఆపై నష్టమును ప్రైవేటు బీమా సంస్థయు భరింపవలసియుండెను. ఏ బీట ఏ భూకంపమువలన పడినదో తేలనిదే ఎవరు ఎంత చెల్లింపవలెనో తేలదు. ఈ సందిగ్ధమున వేలాది కుటుంబములు ఏండ్లతరబడి ఒరిగిన గోడలనడుమ కాపురముండిరి. 2013లో నెలకొల్పిన నివాస సలహాసేవ గృహస్వాములకు స్వతంత్ర న్యాయసలహాను ఉచితముగా నొసగెను. 2019లో ఈ తగవులకే ప్రత్యేక ట్రిబ్యునలు ఏర్పడినది. జపానులో 2006లో ఆరంభమైన హోతెరాసు అను న్యాయసహాయ కేంద్రము, 2011 మార్చి 11 నాటి భూకంప సునామీల పిమ్మట ప్రత్యేక చట్టమువలన, బాధితులకు ఆదాయవిచారణ లేకయే సలహానొసగెను. కొట్టుకొనిపోయిన యింటి అప్పును తీర్చుచు క్రొత్త యింటికి మరల అప్పుచేయవలసిన ‘జంట ఋణము’ అచ్చటి గృహస్వాముల ప్రధానక్లేశము.

భారతదేశము

1976లో 42వ సవరణచే రాజ్యాంగమున చేరిన 39-ఏ అధికరణము పేదలకు ఉచిత న్యాయసహాయమును రాజ్యధర్మముగా ప్రకటించినది. దాని ననుసరించి 1987లో రూపొంది, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టము, 12వ నిబంధన ‘ఇ’ ఖండమున, మూకుమ్మడి విపత్తు, వరద, కరవు, భూకంపము, పారిశ్రామిక ప్రమాదము మున్నగువాటివలన తమ తప్పు లేకయే లేమికి లోనైనవారిని ఉచిత సహాయమునకు అర్హులుగా ప్రత్యేకించి పేర్కొన్నది. ఈ ఖండమునకు ఆదాయపరిమితితో నిమిత్తము లేదు. ఆదాయమునుబట్టి వచ్చు అర్హత వేరొక ఖండములోనిది. అనగా, పది సెంట్లలో డాబా కట్టుకొన్న విశ్రాంత ఉపాధ్యాయుడైనను, వరదలో దానిని కోల్పోయిన దినమున, కూలివానితో సమముగా ఈ తలుపు తట్టవచ్చును. అమెరికా శాసనము అల్పాదాయులకే పరిమితము చేసిన హక్కును మన శాసనము బాధితులందరకు చాపినది. అక్షరమున ఇంత ఉదారమైన నిబంధన వేరొక దేశమున అరుదు. మన ప్రజలలో దీనిని ఎరిగినవారును అంతే అరుదగుట శోచనీయము.

2010లో జాతీయ న్యాయసేవాధికార సంస్థ విపత్తు బాధితులకై ప్రత్యేక పథకమును వెలువరించి, జిల్లాస్థాయిని న్యాయాధికారులు, న్యాయవాదులు, వైద్యులు, స్వచ్ఛంద కార్యకర్తలతో కూడిన బృందములను ఏర్పరుపవలెననియు, సహాయ పంపిణీని కనిపెట్టుటయే గాక, పోయిన దస్తావేజులను మరల సంపాదించుట, బీమా చిక్కులు, పునరావాస గృహములు మున్నగు విషయములందు తోడ్పడవలెననియు ఆదేశించినది. కోర్టుఫీజు, వకీలు ఫీజు, కాగితముల ఖర్చు సంస్థయే భరించును. జిల్లా కోర్టు ఆవరణలోని కార్యాలయమునందు గాని, 15100 అను టెలిఫోను సంఖ్యద్వారా గాని దీనిని పొందవచ్చును. పారాలీగల్ వాలంటీర్లు గ్రామములకు వచ్చి దరఖాస్తులు వ్రాసిపెట్టుదురు. ఋణముల విషయమున మాత్రము బాధితుని స్థితి కొంత బలహీనపడినది: విపత్తు పీడితులకు అప్పు చెల్లింపులలో ఊరట కల్పింప సిఫారసు చేయుటకు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమున నున్న 13వ నిబంధన 2025 సవరణలో తొలగింపబడినది. 2024 జూలై 30న వయనాడు కొండచరియలు ఇండ్లను నేలమట్టము చేసినపుడు లేని యింటికి వాయిదాలు కట్టవలసివచ్చినవారి విషయమై కేరళ హైకోర్టులో విచారణ సాగుచుండగనే ఈ మార్పు వచ్చినది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కబళించి పదివేలమంది ప్రాణములు గొన్న నాటికి బాధితులకు న్యాయసహాయమునిచ్చు ఇట్టి చట్టమేదియు లేదు. 1986 ఆగస్టులో భద్రాచలముకడ గోదావరి 75.6 అడుగులకు పొంగిన నాటికిని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకునప్పటికి చట్టముండెను. 2024 సెప్టెంబరు ఆరంభమున బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతము దినములకొలది నీట నానినప్పుడును ఉండెను. ఆ వరదలో రాష్ట్రప్రభుత్వము నేల అంతస్తు యిండ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించినది. ఇట్టి సాయమున లెక్కింపువారు వచ్చిననాడు తాళము వేసియున్న యిల్లు, ఒకే డోరు నంబరు క్రింద నున్న రెండు కాపురములు, ఆధారుపత్రమున పాత చిరునామా వంటి కారణములే పేరును జాబితానుండి తప్పించును. అప్పుడు కావలసినది వాక్పటిమ గల వకీలు కాదు. గడువు దాటకుండ, తగిన ఆధారములతో, తగిన అధికారికి చేర్పదగిన ఒక పుట ఆక్షేపణపత్రమును శ్రద్ధగా వ్రాసిపెట్టు మనిషి.

దస్తావేజులు తడిసిపోయినవారికి మన రిజిస్ట్రేషను వ్యవస్థ గొప్ప ఆదరువు. 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్టరైన ప్రతి స్థిరాస్తి దస్తావేజును కార్యాలయమున భద్రపరచి, అడిగినవారికి ధ్రువీకృత నకలు ఇత్తురు. ఋణభార ధ్రువపత్రము (ఈసీ) తీసిన యెడల దస్తావేజు సంఖ్యయు సంవత్సరమును తెలియును. మూలపత్రము నశించినదని చూపినచో ఆ నకలే కోర్టులో సాక్ష్యముగా నిలుచును. బీమా విషయమున 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ‘భారత్ గృహరక్ష’ పాలసీ తుపాను, వరద, భూకంపములను కలుపుకొన్నది. కంపెనీ తిరస్కరించినచో 50 లక్షల రూపాయలవరకు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ ఎదుట రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఫిర్యాదు పాలసీదారుడో అతని వారసులో స్వయముగా చేయవలసినదగుటచే, అచ్చట న్యాయసహాయము లేఖనరూపముననే ఉపకరించును.

రిజిస్ట్రేషను గడప నెన్నడు త్రొక్కని యిండ్ల విషయమే జటిలము. గ్రామకంఠములోని యింటికి తరచుగా సర్వేనంబరు వేరుగా నుండదు, అడంగలు ఉండదు. తరతరముల అనుభవమే దానికి పట్టా. 2020లో ఆరంభమైన స్వామిత్వ పథకము డ్రోనులతో ఇట్టి యిండ్లను కొలిచి ఆస్తికార్డులిచ్చుటకు పూనుకొన్నది; ఆ కార్డులో ఎవరి పేరు వ్రాయవలెనను ప్రశ్నయెదుట, మాటపంపకముల కుటుంబములకు న్యాయసలహా విపత్తునకు మునుపే అవసరమగును. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నిబంధనలు, 2022–26 కాలమునకు, పూర్తిగా కూలిన యింటికి మైదాన ప్రాంతమున 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతమున 1,30,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు నిర్ణయించి, ఆ కట్టడము అధీకృతమైనదని రాష్ట్రప్రభుత్వపు అధికారి ధ్రువీకరింపవలెనను షరతును జతచేసినవి. కాలువగట్టున, ఏటిపోరంబోకున, లంకలో ఇల్లు కట్టుకొన్నవానికి ఈ ఒక్క వాక్యమే అడ్డుగోడ. వరద మొదట ముంచునదియు అతని యింటినే. పంచాయతీ తానే యింటినంబరు వేసి, తానే పన్ను వసూలుచేసి, విద్యుచ్ఛక్తి సంస్థ మీటరు బిగించిన యింటిని అనధికృతమనుట న్యాయమగునా? మండల న్యాయసేవా సంఘపు వకీలు వాదింపదగినది ఇదియే. అతడు తహసీల్దారునకు సమర్పించు వినతికి జతపరుపదగినవి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, ఆ యింటినంబరు గల వోటరు జాబితా పుట, వరదకు మునుపు తీసిన ఫొటో ఏదైన నున్నచో అది, ఇరుప్రక్కల యిండ్లవారి ప్రమాణపత్రములు.